మోదుగుపువ్వుకు ఎన్ని మార్కులు

ముందు కళ్లద్దాలు పెట్టుకోండి. చున్నీ ఉంటే వెనక్కి ముడేసుకోండి. చెప్పులేసుకుని వస్తే గడప దగ్గరే ఆపేస్తారు, బూట్లుంటేనే లోపలికి. తలుపు తీయగానే ముక్కుకు తగిలేది ఇథైల్ అసిటేట్. గోళ్ల రంగు సీసా మూత తీసినప్పుడు వచ్చే వాసనే. ఫ్యాన్ ఉంది గానీ ఆపేశారు, త్రాసు మీద పొడి ఎగిరిపోతుందని. మార్చి నెలాఖరు, వనపర్తి, పదకొండు గంటల పొద్దు. ఫ్యాన్ లేకపోతే ఎలా ఉంటుందో ఆ ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఈ గదికి పేరు పెట్టడం లేదు. పాలమూరు యూనివర్సిటీకి వనపర్తిలో, గద్వాలలో, కొల్లాపూర్‌లో పీజీ సెంటర్లున్నాయి. ఎమ్మెస్సీ ఆర్గానిక్ చదివే పిల్లలున్న చోటల్లా ల్యాబు ఇంచుమించు ఇలాగే ఉంటుంది: సింకు పక్కన అసిటోన్ సీసా, గోడకు వెలిసిపోయిన పీరియాడిక్ టేబుల్, రెండు స్టిరర్లుంటే అందులో ఒకటి రిపేరు. చదువయ్యాక చాలామంది జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌కు, ఫార్మా షిఫ్టులకు వెళ్లిపోతారు. ఇక్కడ అలవాటైన చేతినేర్పే అక్కడ జీతం.

పనిచేస్తున్న స్టిరర్ దగ్గరికి రండి. గుండ్రటి అడుగున్న ఫ్లాస్కు ఐస్ ముక్కల మధ్య కూర్చుంది. ల్యాబు భాషలో ఆర్‌బీ. దాని మూతి మీద నైట్రోజన్ నింపిన బెలూన్. పుట్టినరోజు బెలూనే, చౌరస్తాలో కొన్నది. లోపల తెల్లటి మాగ్నెట్ ముక్క గిరగిరా తిరుగుతోంది. పరిశోధన చేస్తున్న అమ్మాయిని జూనియర్లంతా అక్క అంటారు, మనమూ అలాగే అందాం. ఆమె ఆల్కహాల్‌లో కరిగించిన కాస్టిక్ పొటాష్‌ను చుక్క చుక్కగా వదులుతోంది. మొదటి చుక్కలకు ద్రవం పసుపు. ఇంకొన్నిటికి నారింజ. చూస్తుండగానే ఫ్లాస్కంతా ఎర్రబారింది.

పక్కన కిటికీ గట్టు మీద పాత పేపర్లో ఎండిన పూలు కొన్ని ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకోండి. చిలక ముక్కులా వంగిన రేకు, వెలుపల సన్నటి నూగు. మోదుగు. అచ్చంపేట దాటాక, మన్ననూరు చెక్‌పోస్టు ఇంకా రాకముందే, పొలంగట్ల మీద ఏరుకొచ్చినవి. ఫాల్గుణంలో నాగర్‌కర్నూల్ జిల్లాలో ఆకు ఒక్కటి లేకుండా చెట్టంతా పువ్వే కనిపించే వాటిలో ఇదొకటి. కాముని పున్నమికి ఈ పూలను మరిగించి రంగు తీయడం తెలంగాణలో అందరికీ తెలిసిన పని. ఆ రంగులో ఉన్న పదార్థాల్లో ఒకదాని పేరు బ్యూటీన్, చాల్కోన్ల కుటుంబానికి చెందింది. పువ్వులో అది ఎక్కువగా చక్కెర అణువులను తగిలించుకుని ఉంటుంది, అలా ఉన్న దాని దగ్గరి చుట్టం పేరు బ్యూట్రిన్. ఇప్పుడు ఆర్‌బీలో తిరుగుతున్నది ఆ బ్యూటీనే, పువ్వు సాయం లేకుండా. అది చర్మానికి ఎండ తగలకుండా ఆపుతుందేమో చూడటానికి.

పువ్వు ఉండగా ల్యాబులో చేయడం ఎందుకని అడగబోతున్నారు కదా. పువ్వును ఆల్కహాల్‌లో నానబెడితే బ్యూటీన్ ఒక్కటే రాదు, దాని అక్కచెల్లెళ్లు, చక్కెరలు, మైనం అన్నీ కలిసి వస్తాయి. ఆ ముద్ద ఎండను ఆపిందంటే ఆపింది ఎవరో చెప్పలేం. పైగా పోయినేడాది పువ్వు, ఈ ఏడాది పువ్వు ఒకేలా ఉండవు. అణువును విడిగా చేసుకుంటే అందులో ఒక ఓహెచ్, అంటే ఆక్సిజన్, హైడ్రోజన్ జత, తీసేసి చూడొచ్చు, ఇంకోటి పెట్టి చూడొచ్చు.

ఈ పువ్వు మీద కెమిస్టుల చూపు ఈనాటిది కాదు. టి. ఆర్. శేషాద్రి 1900లో కావేరి ఒడ్డున కుళిత్తలైలో పుట్టారు. మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పరిశోధన చేసి వచ్చి, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ విభాగాన్ని నిలబెట్టారు. 1949లో ఢిల్లీ వెళ్లేదాకా ఆయన, ఆయన శిష్యులు మన చుట్టూ ఉన్న పూల రంగులను ఒక్కొక్కటే విప్పుకుంటూ పోయారు. నీలకంఠంతో కలిసి పత్తిపూలు, గోగుపూలు. సూర్యప్రకాశరావుతో కలిసి 1941లో మోదుగుపూల బ్యూట్రిన్ నిర్మాణం. అణువు నిర్మాణాన్ని గ్రాఫ్ గీసి చూపే ఎన్ఎమ్ఆర్ అప్పట్లో లేదు. అణువును క్షారంలో మరగబెట్టి విరగ్గొట్టాలి, విరిగిన ముక్కలు ఏమిటో తేల్చుకుని వెనక్కి లెక్క కట్టాలి. రెండు పొడులు ఒకటేనా అని తెలియాలంటే రెంటినీ కలిపి కరిగించి, కరిగే వేడి తగ్గిందా లేదా చూడాలి. ఆ రోజుల పేపర్లు చదువుతుంటే నాకు వాళ్ల తెలివి కన్నా ఓపికే ఎక్కువ కనిపిస్తుంది.

మళ్లీ బల్ల దగ్గరికి. ఆర్‌బీలో రెండు ముక్కలు కలుస్తున్నాయి. ఒకటి రెసాసిటోఫినోన్, రిసార్సినాల్‌ను అసిటిక్ యాసిడ్‌, జింక్ క్లోరైడ్‌తో వేడిచేసి ఇక్కడే చేసుకున్నది. రెండోది బెంజాల్డిహైడ్ జాతిది, మూడో స్థానంలో ఒకటి, నాలుగో స్థానంలో ఒకటి ఓహెచ్‌లున్నది. క్షారం మొదటిదాని మిథైల్ నుంచి ఒక హైడ్రోజన్‌ను లాగేస్తుంది, అక్కడి కార్బన్ వెళ్లి ఆల్డిహైడ్‌ను పట్టుకుంటుంది, ఒక నీటి అణువు ఊడిపోతుంది. క్లైసెన్, ష్మిట్ పేర్ల మీద డిగ్రీ పరీక్షల్లో ఐదు మార్కుల ప్రశ్నే. చిక్కు ఆ ఓహెచ్‌ల దగ్గర వస్తుంది. క్షారం వాటి హైడ్రోజన్లను కూడా లాగేస్తుంది, అప్పుడు ఆల్డిహైడ్‌కు ఎలక్ట్రాన్లు నిండిపోయి ఇక ఎవరినీ కలవదు. అందుకే ముందుగానే డైహైడ్రోపైరాన్‌తో వాటిని మూసేసి ఉంచారు. పని అయ్యాక యాసిడ్‌తో మళ్లీ తెరవాలి.

అన్నిటినీ కాదు, ఒకదాన్ని వదిలేశారు. కీటోన్ పక్కనే ఉన్న ఓహెచ్ అది. దాని హైడ్రోజన్ ఎదురుగా ఉన్న ఆక్సిజన్ వైపు వంగి దాన్నే పట్టుకుని ఉంటుంది కాబట్టి మూయాల్సిన అవసరం అంతగా లేదు. ఈ పట్టును గుర్తుపెట్టుకోండి, మేడ మీద మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

"అక్కా, స్పాట్ ఇంకా ఉంది."

జూనియర్ అబ్బాయి చిన్న సిలికా పలకను పట్టకారుతో పట్టుకుని నిలబడ్డాడు. టీఎల్‌సీ. కింద పెన్సిల్ గీత, గీత మీద మూడు చుక్కలు: వేసిన సరుకు, రియాక్షన్ మిశ్రమం, మధ్యలో రెండూ కలిపింది. హెక్సేన్, ఇథైల్ అసిటేట్ కలిపిన సీసాలో నిలబెడితే ద్రవం పైకి పాకుతూ చుక్కలను వేర్వేరు ఎత్తులకు మోసుకుపోయింది. యూవీ చాంబర్ నల్లగుడ్డ ఎత్తి లోపలికి వంగండి. 254 నానోమీటర్ల దీపం కింద పలకంతా పచ్చగా మెరుస్తుంది, మచ్చలు మాత్రం నల్లగా. పలక మీద పడుతున్న యూవీని ఆ పదార్థం మింగేసింది కాబట్టే అక్కడ నలుపు. సన్‌స్క్రీన్ పరీక్ష అనుకుంటున్నది సగం ఇక్కడే కంటితో చూసేశారు.

"ఎంతుంది?"

"కొద్దిగ. ఆల్డిహైడే."

"ఉండనీ. రాత్రంత తిరగనీ, తొందరేముంది. బెలూన్ సూడు, దిగిపోతది."

బెలూన్ ఎందుకంటే, పక్కపక్కన రెండు ఓహెచ్‌లున్న బెంజీన్ వలయానికి గాలి పడదు. క్షారంలో గాలి తగిలిందంటే గోధుమరంగు జిగురవుతుంది. ఇప్పటికి అవి మూసే ఉన్నాయి గానీ మూత ఊడే భయం ఎప్పుడూ ఉంటుంది. ఇది ముందుముందు క్రీమ్ చేసేవాళ్లకూ తలనొప్పే.

మర్నాటికి వచ్చేయండి. ఎర్రటి ద్రవాన్ని ఐస్ మీద పోసి, లిట్మస్ చూసుకుంటూ హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేస్తున్నారు. ఎరుపు ఒక్కసారిగా విరిగి పసుపు ముద్ద తేలింది. బుక్‌నర్ ఫన్నెల్, పంపు గురగుర, కాగితం మీద మిగిలిన పసుపు పొడి. తర్వాత మూతలు తీసే పని, మెథనాల్, పీటీఎస్‌ఏ అనే యాసిడ్. ఆ తర్వాత కాలమ్: నిలువు గాజుగొట్టంలో సిలికా, దాని గుండా పసుపు పట్టీ గంటలకొద్దీ కిందికి దిగుతుంది. ఈ గంటల గురించి చెప్పడానికేమీ లేదు. కుర్చీ, పరీక్షనాళికల వరస, ఫోన్లో పాటలు.

చివరికి వచ్చింది చిన్న సీసాలో అర గ్రాము. నారింజ కలిసిన పసుపు పొడి. ఇందులో కొంత హైదరాబాద్‌కు పోతుంది, ఎన్ఎమ్ఆర్ కోసం. అంత పెద్ద అయస్కాంతం ఈ మూడు జిల్లాల కాలేజీల్లో వెతుక్కునే వస్తువు కాదు. తార్నాకలో 1944లో సెంట్రల్ లేబొరేటరీస్‌గా మొదలై ఇప్పుడు ఐఐసీటీ అయిన సంస్థ పుణ్యమా అని, ప్రకృతిలో దొరికే అణువులను ఫ్లాస్కులో కట్టే విద్యకు హైదరాబాద్ ఊరే ఒక బడి అయింది. ఏ. వి. రామారావు, జె. ఎస్. యాదవ్ లాంటివాళ్ల దగ్గర చేసిన శిష్యులు, ఆ శిష్యుల శిష్యులు జిల్లాల్లో పాఠాలు చెబుతున్నారు. గ్రాఫ్ వెనక్కి వచ్చాక అక్క ముందు చూసేది రెండు చోట్లు. ఒకటి, జంట బంధం మీది హైడ్రోజన్లు ఎంత దూరంలో చీలాయి. 15, 16 హెర్ట్జ్ ఉంటే అవి ఎదురెదురు వైపుల ఉన్నట్టు. రెండోది, మిగతా గుంపుకు దూరంగా 13 పీపీఎం దాటి ఎడమ చివర ఒంటరి గీత. వంగి పట్టుకుని ఉందని చెప్పానే, ఆ హైడ్రోజనే అది.

ఇప్పుడు అసలు పరీక్ష. స్పెక్ట్రోఫోటోమీటర్ దగ్గర కూర్చోండి. చేతికి గ్లవ్స్ వేసుకునే క్యూవెట్ ముట్టుకోండి, అంచులే పట్టుకోండి. అది క్వార్ట్జ్, ధర వింటే మీరే జాగ్రత్తగా పట్టుకుంటారు. మామూలు గాజు పనికిరాదు, మనం కొలవబోయే కిరణాలను గాజే మింగేస్తుంది. ముందు ఒట్టి ఆల్కహాల్ పెట్టి బేస్‌లైన్. తర్వాత మన ద్రావణం. పచ్చటి గీత స్క్రీన్ మీద కదలడం మొదలైంది. 263 దగ్గర ఒక మెట్ట. అక్కడి నుంచి దిగి, 320 దగ్గర చిన్న భుజంలా ఆగి, మళ్లీ ఎక్కి 380 దగ్గర పెద్ద శిఖరం. అటుపైన నీలికాంతిలోకి కొంత తోక.

జూనియర్ నోట్‌బుక్ తెరిచాడు. మాన్సూర్ ఫార్ములా, సన్‌స్క్రీన్ ఎండను ఎంత ఆపుతుందో చెప్పే ఎస్‌పీఎఫ్ అంకె కట్టేది. 1986లో బ్రెజిల్ నుంచి వచ్చింది. మన దేశంలో మొక్కల సారాలకు ఎస్‌పీఎఫ్ కట్టిన పరిశోధనా పత్రం ఏది తెరిచినా దాదాపు ఇదే. క్రీమ్‌నైతే ఒక గ్రాము తీసుకుని 100 మిల్లీలీటర్లు చేసి, దాన్ని పదింతలు, మళ్లీ ఐదింతలు పలచన చేస్తారు. 290 నుంచి 320 దాకా ఐదేసి నానోమీటర్లకు ఒకసారి శోషణ చదవాలి, ఏడు రీడింగులు. ఒక్కోదానికి ఒక్కో బరువు ఉంది: 290కి 0.0150, 295కి 0.0817, 300కి 0.2874, 305కి 0.3278, 310కి 0.1864, 315కి 0.0839, 320కి 0.0180. చర్మాన్ని కందజేయడంలో ఆ కిరణం ఎంత చురుకు, నేలకు ఎంత చేరుతుంది అనే రెండు లెక్కల గుణకారం అది. అన్నీ కలిపి పదితో గుణిస్తే అంకె. 8 శాతం హోమోసలేట్ ఉన్న క్రీమ్‌కు 4 రావాలని ఆ పదిని పెట్టుకున్నారు.

ఇక్కడ కొంచెం ఆగండి. బరువులన్నీ కూడితే ఒకటి. అంటే ఏడు చోట్లా శోషణ 1 ఉంటే ఎస్‌పీఎఫ్ 10. శోషణ 1 అంటే పదో వంతు కాంతి దాటిందని, కనుక పది అనడం బాగానే ఉంది. శోషణ 2 అయితే దాటేది నూరో వంతు. ఫార్ములా మాత్రం 20 అంటుంది. ఇంకా చిక్కేమిటంటే, క్రీమ్ కాకుండా ఇలా ఒట్టి పొడిని కొలిచేటప్పుడు ఎంత చిక్కగా కలపాలో ఎవరి ఇష్టం వాళ్లది. రెండింతలు కలిపితే అంకె రెండింతలు. ఇంత తెలిసీ పేపర్ల శీర్షికల్లో ఎస్‌పీఎఫ్ అని ధీమాగా రాస్తుంటే నాకు నచ్చదు. చెప్పాల్సింది ఆ ద్రావణం, ఆ చిక్కదనం, ఆ కిటికీలో ఎంత మింగిందీ అని.

కిటికీ అన్నాను కదా. గ్రాఫ్ మీద 290, 320 దగ్గర వేళ్లు పెట్టి చూడండి. బరువులో 80 శాతం 300, 305, 310ల మీదే ఉంది. మన గీతకు సరిగ్గా అక్కడే లోయ. శిఖరం 380లో ఉంది, ఫార్ములా అటు తల తిప్పదు. మోదుగుపువ్వు రాసిన జవాబు ఒకటి, పేపర్ దిద్దే అయ్యవారి చేతిలో ఉన్న ప్రశ్న ఇంకోటి.

అక్కకు గైడ్‌గా ఉన్న మేడమ్ వచ్చారు. గ్రాఫ్ చూశారు.

"ఎంతొచ్చింది?"

"తక్కువే వచ్చింది మేడమ్. చిక్కగా చేసి మళ్లీ తీయమంటారా?"

"ఎందుకమ్మా? అణువు మారుతదా?" పెన్ను తీసుకుని పట్టికలో ఎస్‌పీఎఫ్ అన్న మాట కొట్టేశారు. "290 నుంచి 320 దాకా శోషణ అని రాయి. 400 దాకా ఇంకో పట్టిక పెట్టు."

"జర్నల్ వాళ్లు నంబర్ అడుగుతారు మేడమ్."

"అడగనీ."

మేడమ్ మాటలో బలం ఉంది. నేలకు చేరే అతినీలలోహిత కిరణాల్లో 95 శాతం దాకా యూవీఏ, అంటే 320 నుంచి 400 వరకు ఉండేవి. 290 కిందివాటిని ఓజోన్ దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. 290 నుంచి 320 దాకా ఉండే యూవీబీ కందజేస్తుంది, యూవీఏ లోతుకు దిగుతుంది, కిటికీ అద్దాన్ని దాటుతుంది. మన చామనఛాయ ఒళ్లు తెల్లవాళ్లలా ఎర్రగా కందదు గానీ నల్లబడుతుంది, మంగు పట్టిన ముఖం ఇంకా ముదురుతుంది. అందులో యూవీఏకి, కంటికి కనిపించే నీలికాంతికి కూడా భాగముంది. అసలు ఎస్‌పీఎఫ్‌ను మనుషుల వీపుల మీద కొలుస్తారు. చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల క్రీమ్ రాసి, దీపం వేసి, మర్నాడు ఎరుపు చూస్తారు. దానికి కావాల్సింది త్వరగా కందే లేతరంగు చర్మం. ఆ బల్ల మీద పడుకోవడానికి గద్వాల కూలీమనిషి పనికిరాదు.

మేడ మీదికి పదండి, సీసాలు పట్టుకుని. మధ్యాహ్నం. గద్వాల అక్షాంశం 16 డిగ్రీల పైచిలుకు, వనపర్తి కూడా ఇంచుమించు అంతే. మే మొదటి వారంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు, నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. యూవీ సూచిక 11 గానీ ఆపైన గానీ ఉంటే అత్యంత తీవ్రం అంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఇక్కడ మబ్బులేని వేసవి మధ్యాహ్నం అది మామూలే. మూడు సీసాలు గోడ మీద పెట్టారు: ఓహెచ్‌లు లేని సాదా చాల్కోన్, బ్యూటీన్, పసుపు కొమ్ముల నుంచి తీసిన కర్కుమిన్. కొంత కొంతసేపటికి ఒక్కో చుక్క తీసి కింద మెషిన్లో చూడాలి.

కర్కుమిన్ సంగతి మీ ఇంట్లో అందరికీ తెలుసు. చీర మీద పసుపు మరకను ఎండలో ఆరేస్తే పోతుంది. ఎండను మింగే ప్రతిదీ ఎండకు నిలబడదు. సాదా చాల్కోన్ ఒక కిరణాన్ని మింగగానే జంట బంధం దగ్గర మెలితిరిగి వేరే రూపానికి పోతుంది, 300 దాటిన చోట ఉన్న శిఖరం దిగిపోతుంది. బ్యూటీన్‌లో కీటోన్‌ను పట్టుకుని వంగిన ఆ హైడ్రోజన్ ఇప్పుడు పనికొస్తుంది. కిరణం తగలగానే అది ఇటు ఆక్సిజన్ నుంచి అటు ఆక్సిజన్‌కు గెంతుతుంది, మింగిన శక్తి వేడిగా జారిపోతుంది, హైడ్రోజన్ వెనక్కి వస్తుంది. అణువు మళ్లీ మొదటిలాగే, ఇంకో కిరణానికి సిద్ధం. ఇలాంటి ఓహెచ్ ఉన్న చాల్కోన్లు అంత త్వరగా మెలితిరగవన్నది తెలిసిన విషయమే. కాకపోతే మరోవైపున్న రెండు ఓహెచ్‌లు గాలికి ఎన్నాళ్లు ఓర్చుకుంటాయనేది వేరే సంగతి. అది ఒక మధ్యాహ్నంలో తేలేది కాదు, సీసాను నెలలపాటు అలమరలో పెట్టి చూడాలి.

ఆరు నెలలు ముందుకు జరిగి, నడిగడ్డకు రండి. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ భూమి, జోగులాంబ గద్వాల జిల్లా. భాద్రపదం. సీడ్ పత్తి చేను, ఆడ వరసలు, మగ వరసలు. నిన్న సాయంత్రం ఒలిచి గుర్తు కట్టిన మొగ్గలకు ఈ పొద్దున మగపువ్వు తెచ్చి తాకిస్తున్నారు. ఒక్కో పువ్వుకూ వంగాలి. దేశంలో అమ్ముడయ్యే హైబ్రిడ్ పత్తి విత్తనంలో చాలా భాగం ఇలా వంగిన నడుముల మీదుగానే వస్తుంది. నీలకంఠం, శేషాద్రి రంగు విప్పింది ఈ పువ్వుల జాతిదే. ఇవాళ మీగడరంగులో విచ్చినది రేపటికి గులాబీరంగుకు తిరుగుతుంది.

ఆడవాళ్లంతా చీర మీద మగవాళ్ల ఫుల్‌చేతుల అంగీ తొడుక్కున్నారు, తలకు తువాల, ముఖానికి సగందాకా కొంగు. ల్యాబులో కూర్చుని సన్‌స్క్రీన్ అని తలకొట్టుకునే ముందు ఈ అంగీని చూడాలి. చిక్కటి నేత, ముదురు రంగు అయితే చాలా క్రీముల కన్నా నయం. కానీ చెమటకు తడిసి ఒంటికి అతుక్కుంటే నూలుబట్ట గుండా ఎక్కువ యూవీ దాటుతుంది. మణికట్టు కింద, కళ్ల చుట్టూ, మెడ వెనక ఏ బట్టా లేదు.

అక్క తన చిన్నమ్మకు సీసా చూపించింది, మోదుగు రంగు ఇది, ముఖానికి ఎండ తగలకుండ రాసుకునేది చేస్తున్నం అని. చిన్నమ్మ మగపువ్వును చెవి మీద పెట్టుకుని సీసాను ఎండలోకి ఎత్తి చూసింది.

"పసుప్పచ్చగుంది. చెమటకు పోదా?"

అది అడగాల్సిన ప్రశ్న. నీటికి ఆగుతుందని చెప్పాలంటే క్రీమ్ రాసిన చర్మాన్ని తిరిగే నీటిలో 20 నిమిషాలు ఉంచి, ఆరబెట్టి, మళ్లీ 20 నిమిషాలు ముంచి, రక్షణ ఎంత మిగిలిందో కొలవాలి. అంతకు ముందు యాక్రిలిక్ పలక మీద చదరపు సెంటీమీటరుకు 1.3 మిల్లీగ్రాములు పూసి యూవీఏ ఎంత ఆగుతుందో చూడాలి. చర్మానికి మంట పుట్టిస్తుందో లేదో చూడాలి. వీటన్నిటికీ ముందు అది క్రీమ్ కావాలి. ఇప్పటికి ఉన్నది పొడి, అదీ అర గ్రాములో సగం వాడేశాక మిగిలింది.

"ఇంక క్రీమ్ చేయలే చిన్నమ్మా."

"చేసినంక తే మల్ల," అంది చిన్నమ్మ సీసా తిరిగిచ్చేసి. "అరచేతులకు పనికొచ్చేది గూడ ఏమన్న ఉంటే చూడు. మొగ్గలు ఒలిచి ఒలిచి గోర్లు నల్లగైనయ్."

అక్క నోట్‌బుక్ తీసి అది కూడా రాసుకుంది.